మగ్గం లేని నేత

ఏప్రిల్ 6, 2025, ఆదివారం: ఆక్లాండ్

ఏప్రిల్ మొదటి ఆదివారం తెల్లవారుజామున న్యూజిలాండ్‌లో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఫోనులో దానంతట అదే మారిపోతుందట. నేను చేతి గడియారం మనిషిని. చెల్లెలూ మరిదీ ఇంకా ముసుగు తీయకముందే, రాత్రి మిగిలిన పులిహోరను డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి, గుట్ట మీద ఉన్న ఆక్లాండ్ యుద్ధ స్మారక మ్యూజియానికి చేరుకున్నాను. తలుపులు మూసి ఉన్నాయి.

మెట్ల మీద కూర్చుని తింటూ ఉంటే, లోపలికి పనికి వెళ్తున్న ఒకాయన ఆగాడు. యాభై దాటిన మనిషి. మెడలో నల్ల దారానికి వేలాడుతున్న ఆకుపచ్చ రాయి. నా గడియారం వైపు చూసి, తన గడియారం చూపించి, పెద్దగా నవ్వాడు. ఏటా ఈ రోజున ఈ మెట్ల మీద ఎవరో ఒకరు దొరుకుతారట. పులిహోర పెడితే వద్దనలేదు. వేరుశనగ గుళ్లు ఏరుకుని తిన్నాడు. 'కియ ఓరా' అనే మాట మొదట నేర్చుకున్నది ఆయన దగ్గరే. పలకరింపూ అదే, కృతజ్ఞతా అదే, 'సరే'కూ అదే.

మాది చీరాల. నాన్నది గుంట మగ్గం. తాత తేలియా రుమాళ్లు నేసినవాడు. నేను బ్యాంకులో చేరి మగ్గానికి దూరమయ్యాను గాని ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి వెనకవైపు చూస్తాను. ఎదురువైపు అందరూ అందంగానే నేస్తారు. నేతగాడి అసలు సంగతి వెనక తెలుస్తుంది. మ్యూజియంలో ఆ వీలు లేదు. అద్దం అవతల ఈ దేశపు మూలవాసులైన మావోరీలు ఒంటికి కప్పుకునే దుప్పట్లు పరచి ఉన్నాయి, నేను ఇటువైపు మెడ వంచి, ఒంగి, పక్కకు జరిగి చూస్తున్నాను.

మొదట కంట పడింది 'కైతాక'. ఒళ్లంతా ఏ పనీ లేని లేత గోధుమ రంగు, పట్టులాంటి మెరుపు. అంచులో మాత్రం 'తానికో' పని: నలుపు, తెలుపు, ఎరుపు కలిసిన ముక్కోణాలు, మెట్లు. తాత నేసిన రుమాళ్లలోనూ రంగులు ఆ మూడే. ఇది ఏ మగ్గం మీద నేశారని వెతికితే మగ్గమే లేదు. నేలలో రెండు పుల్లలు గుచ్చి, వాటి మధ్య ఒక దారం కట్టి, దానికి పడుగు దారాలు వేలాడదీసి, పేక దారాలను వేళ్లతో ఒక్కో పడుగు చుట్టూ మెలితిప్పుకుంటూ ఎడమ నుంచి కుడికి వెళ్తారు. నాడె లేదు, అచ్చు లేదు, పలక లేదు. పది వేళ్లు. పడుగును 'ఫెను' అంటారు, పేకను 'ఆహో'. ఒక మంచి దుప్పటికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు.

వీళ్ల పూర్వికులు వెచ్చని పసిఫిక్ దీవుల నుంచి పడవల్లో వచ్చినవాళ్లు. అక్కడ చెట్టు బెరడును సాగగొట్టి బట్ట చేసేవాళ్లు. ఆ మొక్కను ఇక్కడికీ తెచ్చారు గాని ఈ చలికి అది సరిగ్గా ఎదగలేదు. ఒంటి మీదికి ఏదో ఒకటి కావాలి కదా. చిత్తడి నేలల్లో కత్తుల్లా నిటారుగా నిలబడే 'హరకెకె' అనే మొక్క ఆకుల్లో నార దొరికింది. తెల్లవాళ్లు దాన్ని అవిసె అన్నారు. అవిసెకూ దానికీ చుట్టరికం లేదు.

మ్యూజియం లోపలే ఒక పూర్తి ఇల్లు ఉంది. 1878లో కట్టిన 'హోతునుయి' సభా గృహం, ఒక పెళ్లికి కానుకగా ఇచ్చినది. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. నా వెనక వచ్చిన పర్యాటకులు బూట్ల తాళ్లతో కుస్తీ పడుతుంటే నేను చెప్పులు వదిలి చక్కా లోపలికి నడిచాను. ఈ దేశంలో నేను ఎవరికంటే ముందున్నది ఆ ఒక్క క్షణమే.

ఏప్రిల్ 7, సోమవారం: ఆక్లాండ్

ఆక్లాండ్ ఆర్ట్ గ్యాలరీలో గాట్‌ఫ్రిడ్ లిండావర్, చార్లెస్ గోల్డీ గీసిన మావోరీ పెద్దల చిత్రాలు చూశాను. ముఖమంతా సుడులు తిరిగిన మోకో, చెవికి పచ్చరాయి, భుజాల మీద ఈకల దుప్పటి, జుట్టులో తెల్లని కొస ఉన్న నల్ల ఈక. చిత్రకారులిద్దరూ తెల్లవాళ్లే, ఒక జాతి కనుమరుగైపోతోందన్న దిగులు కొన్ని చిత్రాల్లో మరీ ఎక్కువగా కనిపిస్తుంది. ఆ దిగులు వాళ్లది. చిత్రంలోని మనిషి కళ్లలో అది లేదు.

మోకో అంటే సూదితో గుచ్చే పచ్చబొట్టు కాదు. ఎముకతో చేసిన ఉలిని చిన్న సుత్తితో కొడుతూ చర్మంలో గాడి తీసేవారు. రంగు ఆ గాడిలో నిలుస్తుంది. మొగవాళ్లకు ముఖమంతా, ఆడవాళ్లకు పెదవులూ గడ్డమూ. పెదవులు వాచి నోరు తెరవలేని పెద్దమనిషికి చెక్కిన గరాటుతో తిండి పోసేవారట. ఆ గీతల్లో వంశం, వరస, హోదా ఉంటాయి.

దీనికి వాళ్లు చెప్పుకునే కథ నాకు నచ్చింది. మతాఓర అనేవాడు భార్య నివరెకను కొట్టాడు. ఆమె పాతాళంలో ఉన్న పుట్టింటికి వెళ్లిపోయింది. అతను ముఖానికి రంగులు పూసుకుని వెతుక్కుంటూ వెళ్తే, చెమటకు ఆ రంగులు కారిపోయి అందరూ నవ్వారు. మామగారు కూర్చోబెట్టి, ఉలితో చెరగని మోకో చెక్కాడు. బుద్ధి వచ్చి, క్షమాపణ అడిగి, ఇద్దరూ పైకి తిరిగి వస్తూ అతను మోకో విద్యను తెచ్చాడు, ఆమె తానికో నేతను తెచ్చింది. ముఖం మీది పనీ బట్ట అంచు మీది పనీ ఒకే ఇంటి నుంచి వచ్చాయన్నమాట. రెండింటినీ పక్కపక్కన చూస్తే నిజమే అనిపిస్తుంది.

సాయంత్రం సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసిన అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయేమో, గడ్డం మీద మోకో కవాయె. నేను కళ్లు తిప్పుకోలేకపోయాను. చెల్లెలు మోచేత్తో పొడిచింది. బయటికి వచ్చాక, "అక్కా, అలా చూడకు. అది ముస్తాబు కాదు, ఇంటిపేరు లాంటిది" అంది. టీవీలో ముఖ్య వార్తలు చదివిన ఒరీని కైపారకూ, విదేశాంగ మంత్రిగా చేసిన ననాయా మహూతకూ గడ్డాల మీద అదే ఉంది. మా నాయనమ్మకు గడ్డం మీద మూడు చుక్కలు, ముంజేతి మీద తులసికోట ఉండేవి. పచ్చబొట్టు పొడిపించుకోకపోతే పైలోకంలో గుర్తుపట్టరు అనేది. మా అమ్మ తరానికి అది మోటు. మా తరానికి గుర్తే లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం: రోటొరువా

ఊళ్లో అడుగు పెట్టగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గంధకం. రెండు గంటల్లో ముక్కు అలవాటు పడుతుంది, బట్టలు అలవాటు పడవు. ఇంటికి వచ్చి రెండుసార్లు ఉతికినా నా శాలువా ఇప్పటికీ రోటొరువాలోనే ఉంది.

ఫకరెవరెవ గ్రామంలో మనుషులు నిజంగానే కాపురం ఉంటున్నారు. పెరట్లో ఆవిరి, వంటకు ఆవిరి, స్నానానికి వేడినీటి తొట్టి. గుడ్డ సంచిలో మొక్కజొన్న పొత్తులు వేసి తాడుతో ఉడుకు బుగ్గలోకి దించుతారు. కొన్ని నిమిషాల్లో తీసి వెన్న రాసి ఇస్తారు. గింజ తియ్యగా ఉంది. ఉప్పు, కారం, నిమ్మచెక్క ఉంటే బాగుండునని మనసులో అనుకుని పైకి అనలేదు.

అక్కడే దారి తప్పాను. ఆవిరిలో బాణం గుర్తు కనబడక ఒక సందులోకి మళ్లితే ఎవరిదో పెరడు. తీగ మీద ఉతికిన బట్టలు, మెట్టు మీద కూర్చుని ఉర్లగడ్డలు గీరుతున్న పెద్దావిడ. నేను గాభరాగా వెనక్కి తిరగబోతే ఆమె కత్తితోనే దారి చూపించి, "పర్వాలేదు, రోజుకు ముగ్గురైనా వస్తారు" అంది. తీగ మీద ఒకటి గమనించాను. వంటింటి తువాళ్లన్నీ ఒక తీగ మీద, ఒంటి బట్టలన్నీ వేరే తీగ మీద. అడిగితే, తిండికి తగిలేవీ ఒంటికి తగిలేవీ కలిపి ఉతకరని చెప్పింది. ఒళ్లు 'తపు', అంటే కట్టుబాటు ఉన్న పవిత్రం; తిండి 'నోవ', అంటే మామూలు. మడిబట్టలు దండెం మీద విడిగా ఆరేసి, మమ్మల్ని ముట్టుకోనివ్వని మా ఎదురింటి మామ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ ఇక్కడ సుఖంగా బతికేవారు.

సమాధులు నేలకు పైన కట్టి ఉన్నాయి. తవ్వితే వేడినీళ్లు వస్తాయి కనుక. సమాధుల నుంచి బయటికి వచ్చేటప్పుడు చేతుల మీద నీళ్లు చల్లుకోవాలి. అదీ నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఆటపాటల ప్రదర్శన టికెట్టులో కలిసే ఉంది. ఆడవాళ్లు కట్టుకున్న 'పియుపియు' లంగాను నేను అంతవరకూ గడ్డి లంగా అనుకునేదాన్ని. గడ్డి కాదు. గొట్టాల్లా చుట్టుకుపోయిన హరకెకె ఆకులు. నడుము కదిలితే అవన్నీ ఒకదానికొకటి తగిలి ఎండు చింతకాయల గుత్తి ఊపినట్టు గలగలమంటాయి. పైన తొడుక్కునే 'పరి' అనే రవికె తెల్లవాళ్లు వచ్చాక చేరింది. అంతకుముందు నడుముకు ఒకటి, భుజాలకు ఒకటి, అంతే. ఇప్పటి 'పరి' రవికెల్లో చాలావాటికి తానికో నేయరు, కాన్వాసు గుడ్డ మీద దారంతో కుడతారు. దగ్గరికి వెళ్లి చూస్తే తెలిసిపోతుంది. నేను దగ్గరికి వెళ్లి చూశాను.

ఏప్రిల్ 9, బుధవారం: రోటొరువా

పొద్దున్నే తె పుయియాకు వెళ్లాను. శిల్పం, నేత అంతరించిపోకుండా 1963లో చట్టం చేసి పెట్టిన సంస్థ ఇక్కడే ఉంది. పొహుతు బుగ్గ ముప్పై మీటర్ల దాకా ఎగజిమ్ముతుంది. గీజరు అంటే స్నానాల గదిలో గోడకు తగిలించేది అనుకునే మనకు అదొక వింత. పది నిమిషాలు చూసి నేత బడి వైపు నడిచాను.

పియుపియు ఆకు మీది నలుపు తెలుపు చారలు అద్దకం కాదు, నేత కాదు. ఆకు పైచర్మాన్ని కొలత ప్రకారం అక్కడక్కడా గీకి నార బయటపెడతారు. ముందు చెట్టుబెరడు కషాయంలో, తరవాత ఇనుము ఎక్కువగా ఉన్న నల్ల బురదలో ముంచుతారు. గీకిన చోటే నలుపు పడుతుంది, చర్మం ఉన్నచోట పడదు. ఎండేకొద్దీ ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది.

నేను అక్కడే నిలబడిపోయాను. రంగు పట్టకూడని చోట దారాన్ని చిటికీ కట్టి కాపాడుకోవడం మా తాత పని. ముందు కరక్కాయ, తరవాత తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నానిన నీళ్లు: పెడనలో కలంకారీ నలుపు పుట్టేది అలా. ఇక్కడ బెరడూ బురదా, అక్కడ కరక్కాయా తుప్పూ. ఆ నలుపుకు ఉన్న జబ్బు కూడా ఒకటే. ఇనుము ఏళ్ల తరబడి నారను తినేస్తుంది. పాత దుప్పట్లలో ముందు రాలిపోయేది నల్లదారమేనట. మా ఇంట్లో ఉన్న పాత కలంకారీ గుడ్డలోనూ చిల్లులన్నీ నల్ల గీతల వెంబడే.

మధ్యాహ్నం ఒక చిన్న నేత తరగతి. 70 డాలర్లు, మన లెక్కలో సుమారు 3,400 రూపాయలు. ఆరుగురం. నేర్పినావిడ ముందు మొక్క దగ్గరికి తీసుకెళ్లింది. నడిమి మొలక 'రితో', అది బిడ్డ. దానికి అటూ ఇటూ ఉన్న ఆకులు తల్లిదండ్రులు. ఆ మూడింటినీ ముట్టుకోకూడదు. వాటికి బయట ఉన్నవి తాతమ్మలూ తాతయ్యలూ, వాటినే కోయాలి. అదీ ఏటవాలుగా, వాన నీళ్లు మొక్క గుండెలోకి దిగకుండా. వాన పడేటప్పుడు కోయరు, రాత్రి కోయరు. మిగిలిన తుక్కు మళ్లీ ఆ మొక్క మొదట్లోనే వేయాలి. వెనకటి రోజుల్లో నెలసరి ఉన్న ఆడవాళ్లు కోయకూడదనేవారు, ఇప్పుడు ఎవరి ఇష్టం వాళ్లది అంది. మా అమ్మ ఆ మూడు రోజులూ మగ్గం గుంట దగ్గరికి వచ్చేది కాదు. అమ్మకు అది సెలవు కూడా కాదు, ఆ మూడు రోజులూ దొడ్లో కండెలు చుట్టేది.

నార తీయడం చూపించింది. ఆకు చీలిక వెనకవైపు అడ్డంగా గాటు, లోపలి నార తెగకుండా. తరవాత ఆల్చిప్ప అంచు ఆనించి, బొటనవేలితో నొక్కిపట్టి, ఒక్క లాగు. సర్రుమని శబ్దం. ఆకుపచ్చ తొక్క కిందికి ఊడిపడింది, చేతిలో 'ముకా' అనే తెల్లని నార కుచ్చు మిగిలింది. తడిగా, చల్లగా, దారాలన్నీ ఒకే దిక్కుకు పడుకుని. ఆమె దాన్ని రెండుగా చీల్చి, లంగా పైకి జరిపి, బట్టతగలని పిక్క మీద అరచేత్తో ముందుకొక దొర్లింపు, వెనక్కి ఒక దొర్లింపు. రెండు పాయలూ పెనవేసుకుని సన్నని తాడు అయింది. నా వంతు వచ్చింది. నా చిప్ప తొక్కతోపాటు నారనూ తెంపింది. మూడుసార్లు. ఆల్చిప్పకు పదును ఎక్కువైతే తప్పు, తక్కువైనా తప్పు. నా పిక్క మీద దొర్లించిన దారం వానపాములా తయారైంది.

చేతులు కడుక్కుందామని లేచి, నేల మీద పరచిన ఆకుల మీదుగా దాటి వెళ్లాను. ఆమె ఏమీ అనలేదు. నా మోచెయ్యి పట్టుకుని, వెనక్కి నడిపించి, చుట్టూ తిప్పి తీసుకెళ్లింది. పడుగు దాటితే చిన్నప్పుడు నాన్న కూడా అంతే చేసేవాడు. కాకపోతే పట్టుకునేది చెవి.

నేత దుప్పట్ల దాకా వెళ్లలేదు, ఒక్క పూటలో వెళ్లేది కాదు. ఆకు పట్టీలతో 'కోనో' అనే చిన్న తిండిబుట్ట అల్లాను. ఒక మూల కుంగింది. మొదటిసారి చేసినదాన్ని దాచుకోకూడదు, ఎవరికైనా ఇచ్చేయాలి, అది నియమం అంది. ఇంత వంకర బుట్ట ఎవరికిస్తానని అడిగితే, "అందుకే నియమం పెట్టారు" అంది.

ఆమె నోటనే రంగిమారీ హెతెత్ పేరు విన్నాను. 1892లో పుట్టి 1995 దాకా బతికిన నేతగత్తె. నేత విద్య ఇల్లు దాటి, తెగ దాటి పోకూడదనే కాలంలో, 1951లో మొదలైన మావోరీ మహిళా సంక్షేమ సంఘం ద్వారా ఇతర తెగల ఆడవాళ్లకూ నేర్పింది. ఆమె కూతురు డిగ్గరెస్ తె కనావ కూడా పేరు పొందిన నేతగత్తె. బయటివాళ్లకు చిటికీ గుట్టు చెప్పినందుకు మా బంధువుల్లో రెండిళ్ల మధ్య పదేళ్లు మాటలు లేవు. ఆ సంగతి నేర్పినావిడకు చెబితే కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది.

చీకటి పడేముందు ఓహినెముతు పేటలో సెయింట్ ఫెయిత్స్ చర్చికి వెళ్లాను. సరస్సు వైపు ఉన్న అద్దం కిటికీలో క్రీస్తు బొమ్మ చెక్కి ఉంది, ఒంటి మీద మావోరీ దుప్పటి. సరైన చోట కూర్చుంటే ఆయన రోటొరువా సరస్సు నీళ్ల మీద నడుస్తున్నట్టే ఉంటుంది. ఎవరి దేవుడికి వాళ్ల నేతగాళ్లే బట్ట ఇవ్వాలి కదా.

పచ్చరాయి దుకాణాల్లో ధరలు చూసి బెదిరిపోయాను. 'పౌనము' అనే ఈ రాయి దక్షిణ దీవిలో దొరుకుతుంది. అక్కడి న్గాయ్ తహు తెగకు దాని మీద హక్కును 1997లో తిరిగి ఇచ్చారు. అన్ని దుకాణాల్లోనూ అమ్మేది అదే కాదు, వేరే దేశాల రాయి కూడా ఉంటుంది, అడిగి కొనాలి. ఇంకో మాట: దాన్ని తనకోసం తాను కొనుక్కోవడం కన్నా ఒకరు ఇస్తే వేసుకోవడం మేలంటారు. చెల్లెలికి ఈ సంగతి ఫోనులో రెండుసార్లు చెప్పాను. వినీ విననట్టు ఊరుకుంది.

ఏప్రిల్ 10, 11: వెల్లింగ్టన్

గాలి. గొడుగు తిరగబడింది, చీర పైకి ఎగిరింది, ఇక ప్యాంటు వేసుకున్నాను.

పదో తేదీన పార్లమెంటులో ఒక బిల్లు ఓడిపోయింది. 1840లో వైతంగిలో మావోరీ పెద్దలకూ బ్రిటిషు రాణికీ జరిగిన ఒప్పందానికి కొత్త అర్థం చెప్పబోయిన బిల్లు. 112 మంది వద్దన్నారు, 11 మంది అవునన్నారు. నేను దిగిన చోట భోజనాల గదిలో టీవీ చుట్టూ గుమిగూడాం. పక్కన కూర్చున్న కుర్రవాడు మెడలోని 'తికీ'ని, ఎముకతో చెక్కిన మనిషి బొమ్మ పతకాన్ని, గుప్పిట్లో పట్టుకుని చూశాడు, ఫలితం వచ్చాకే వదిలాడు. 2021లో ఇదే సభలో రవిరి వైతీతి అనే సభ్యుడు టై కట్టుకోకుండా, మెడలో తికీతో వస్తే స్పీకరు బయటికి పంపాడు. ఆ తరవాత కొద్ది రోజులకే టై నియమాన్ని తీసేశారు.

మర్నాడు తె పాప మ్యూజియం. పరదేశీయులకు 35 డాలర్లు. చెల్లెలు ఈ దేశస్థురాలు కనుక ఆమె వస్తే ఊరికే వెళ్లేది. మెడ పట్టేదాకా ఈకలు చూశాను. కివీ ఈక నిజానికి ఈకలా ఉండదు, జుట్టులా ఉంటుంది. హుయియా పక్షి తోక ఈకే ఆ తెల్లని కొస ఉన్న నల్ల ఈక. 1901లో ఇంగ్లండు యువరాజు రోటొరువాకు వస్తే మర్యాదగా ఆయన టోపీలో ఒకటి గుచ్చారు. ఇక అందరికీ అదే కావలసి వచ్చింది. ఆ పక్షిని ఆఖరుసారి ఖాయంగా చూసింది 1907లో. పెద్దల తలకే పరిమితమైనంత కాలం బతికింది, అందరి టోపీలకూ ఎక్కాక పోయింది. ఇప్పుడు రక్షిత పక్షుల ఈకలు వాడాలంటే అనుమతి కావాలి. అందుకే కొత్త దుప్పట్లలో కోడి, నెమలి, ఫెజెంట్ ఈకలే ఎక్కువ.

తమిళ అక్షరాలున్న ఒక కంచు గంట ఈ మ్యూజియం దగ్గర ఉంది. 1836 ప్రాంతంలో విలియం కొలెన్సో అనే మిషనరీ చూసేసరికి మావోరీలు దాన్ని తలకిందులు చేసి అందులో ఉర్లగడ్డలు ఉడకబెట్టుకుంటున్నారట. మొహిదీన్ బక్ష్ ఓడ గంట అని దాని మీద రాసి ఉంది. అది చూడాలని వెతికాను, ఆ రోజు ప్రదర్శనలో కనబడలేదు.

ఏప్రిల్ 12, శనివారం: ఆక్లాండ్‌కు దక్షిణాన

చెల్లెలితో పనిచేసే ఆవిడ తమ 'మరయె'కు, అంటే తమవాళ్లంతా కలుసుకునే చోటికి, పిలిచింది. ఆవిడ పెద్దమ్మకు డెబ్బై నిండాయి. ప్యాంటు వద్దు, పాదాల దాకా ఏదైనా కట్టుకో అంటే చీరాల నూలు చీర కట్టుకున్నాను.

వాకిలి బయట ఆగాం. లోపలి నుంచి ఒక ఆడగొంతు లేచింది. పాట కాదు, ఏడుపు కాదు, పిలుపు. మా వైపు నుంచి ఒకావిడ దానికి జవాబు పలికింది. నెమ్మదిగా నడిచి, మధ్యలో చచ్చిపోయినవాళ్లను తలుచుకోవడానికి ఆగి, కూర్చున్నాం. ముందు వరస మొగవాళ్లది. అందుకు చెల్లెలు సణిగింది, మరిది నడుము నిటారుగా పెట్టాడు. ఉపన్యాసం అయ్యాక మా వాళ్లూ ఒక పాట పాడాలి. కారులో దారిపొడవునా సాధన చేసినా మూడో చరణంలో అందరం గొణిగాం. మా తరఫున ఆఖరుగా మాట్లాడినాయన 'కోహ', అంటే కానుక డబ్బు ఉన్న కవరును నేల మీద పెట్టాడు. అందులో మాది 50 డాలర్లు.

తరవాత హోంగి. చెయ్యి పట్టుకుని, ముక్కుకు ముక్కు ఆనించి, ఒక ఊపిరి. తానె దేవుడు మట్టితో చేసిన మొదటి స్త్రీ ముక్కులోకి ప్రాణం ఊదాడట, అదే ఈ ఊపిరి. నుదుళ్లు కూడా తగులుతాయి. మూడో పెద్దాయన దాటి నాలుగో ఆవిడ దగ్గరికి వెళ్లేసరికి జనం నవ్వుతున్నారు. నా స్టిక్కరు బొట్టు ఆయన నుదుటికి అంటుకుపోయింది. ఆయన దాన్ని తీయనివ్వలేదు. సాయంత్రం దాకా అలాగే తిరిగాడు.

భోజనం హాంగి. నేలలో గొయ్యి, కాల్చిన రాళ్లు, బుట్టల్లో మాంసం, గుమ్మడి, క్యాబేజీ, పైన తడిగుడ్డలు, మట్టి. చిలగడదుంపను వాళ్లు కూమర అంటారు. పొగ వాసన పట్టిన ఆ దుంప ఒక్కటే రెండుసార్లు వడ్డించుకున్నాను. ఉర్లగడ్డ పులిపిండితో చేసే రేవెన రొట్టె పుల్లగా, మెత్తగా ఉంటుంది. తింటూ, జుట్టు వదులైతే క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాను. పదేళ్ల పిల్ల వచ్చి, రెండు వేళ్లతో దాన్ని తీసి, నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. తలకు తగిలేది తిండి బల్ల మీద పెట్టకూడదు. అన్నం కంచం పక్కన దువ్వెన పెడితే మా అమ్మ ఇంత మర్యాదగా చెప్పేది కాదు.

మనవరాలు పెద్దమ్మ భుజాల మీద ఈకల దుప్పటి కప్పింది. ఆమె తల్లి చేసినది. గోధుమ రంగు ఈకల మధ్య వరసలుగా నీలం ఆకుపచ్చ మెరుస్తుంటే పోల్చుకున్నాను. నెమలి మెడ. దగ్గరికి వెళ్లి, ఇవి మా దేశపు పక్షివి అన్నాను. "మా అమ్మ అవి పక్క పొలంలో ఏరుకొచ్చింది" అంది ఆమె. అని, నా కొంగు పట్టుకుంది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒకసారి నలిపి, వెంటనే తిరగేసి వెనకవైపు చూసింది. అంచు దగ్గర పేక ఎక్కడ మళ్లిందో గోటితో వెతికింది.

నేనూ చూడవచ్చా అని అడిగాను. దుప్పటి ఒక మూల ఎత్తి లోపలి వైపు చూపించింది. అద్దం లేదు. ప్రతి ఈక కాడనూ మడిచి, రెండు పేక దారాల మెలికలో బిగించి ఉంది, వేలకు వేలు. ఒకచోట వరస ఒక పడుగు తప్పి, రెండు వేళ్ల దూరం పోయాక మళ్లీ సర్దుకుంది. నేను అక్కడ వేలు పెట్టగానే ఆమె నవ్వింది. "నేను పుట్టిన వారం" అంది.

ఏప్రిల్ 14, సోమవారం: ఆక్లాండ్

పెట్టె సర్దుతుంటే చెల్లెలు ఒక చిన్న డబ్బా ఇచ్చింది. బాడిసె ఆకారంలో ఉన్న పౌనము, తోకి. విననట్టు ఊరుకుందని చెప్పానే. వంకర బుట్టను ఆమె చేతిలో పెట్టాను. "ఇదేమిటి, కూలిపోయినట్టుంది" అంది. నియమం చెప్పాను. తీసుకోక తప్పలేదు.

నిన్న ఫోను చేసింది. బుట్ట ఎండి గోధుమ రంగుకు తిరిగి, కుంగిన మూల ఇంకా కుంగిందట. వెల్లుల్లిపాయలు వేసి పొయ్యి పక్కన పెట్టిందట, ఆ మూలన ఒక డబ్బా ఆనించి.